సరే అన్న మనిషి

మా డ్రైవ్-ఇన్ హోటలు నడిపిన ఆమె పోయాక, బెస్నా నాడు కూడా ఒక కారు లైట్లు వేసి మమ్మల్ని పిలిచింది.

సూరత్‌లో సంతాపం చెప్పుకునే కూడికను బెస్నా అంటారు. తెల్ల దుప్పట్లు పరిచి, ఫొటోకు దండ వేసి పెడతారు. వచ్చినవాళ్లు కాసేపు మౌనంగా కూర్చుని, చేతులు జోడించి వెళ్లిపోతారు. మేము తెలుగువాళ్లమే అయినా ఆమె కోసం వచ్చేవాళ్లలో సగానికి పైగా గుజరాతీలు కాబట్టి ఆమె భర్త ఆ పద్ధతే పెట్టాడు. వేరే ఎక్కడో కాదు, మా డ్రైవ్-ఇన్ మైదానంలోనే, వేపచెట్ల కింద. సాయంత్రం నాలుగింటి నుంచే కార్లు రావడం మొదలైంది. ఏ కారు రోజూ ఎక్కడ ఆగుతుందో ఆ రోజూ అక్కడే ఆగింది. దిగలేని ముసలివాళ్లు అద్దాలు దించుకుని లోపలే కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన అలవాటుకొద్దీ, ఆర్డరుకు పిలిచినట్టే, లైట్లు రెండుసార్లు వేసి ఆర్పాడు. నేనూ అలవాటుకొద్దీ పరుగెత్తాను. దగ్గరికి వెళ్లాక గానీ మేం చేసిన పనేమిటో మా ఇద్దరికీ తెలిసిరాలేదు. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

నాకు ఏడుపు రాలేదు. ముప్పై మూడేళ్లుగా ఆ కార్ల మధ్య తిరుగుతున్నది నేను. రేపు నేను పోతే ఇందులో ఒక్క కారైనా వస్తుందా అని లెక్కపెట్టుకుంటున్నాను. చచ్చిపోయిన మనిషి మీద కూడా అసూయ పడవచ్చని ఆ రోజు తెలిసింది.

ఆ డ్రైవ్-ఇన్ ఉధనా దాటాక పెద్దరోడ్డు పక్కన ఉంటుంది. చుట్టూ జొన్నచేలున్న కాలంలో ఒక గుజరాతీ పెద్దాయన పెట్టాడట. కారు దిగకుండా తినడమనేది అప్పట్లో వింత. నేను పనిలో చేరేనాటికి ఆ పెద్దాయన కొడుకు నడుపుతున్నాడు; అందరం కాకా అనేవాళ్లం. సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడుకు నా చెవి ఒకటి మందగిస్తే, ఇక కార్ఖానా వద్దని కాకా దగ్గర చేరాను. కార్ల దగ్గరికి వెళ్లి ఆర్డరు రాసుకోవడం, కిటికీ అద్దానికి ఇనప ట్రే తగిలించడం నా పని. ఇరవై రెండేళ్లు కాకా కింద చేశాను. తర్వాత పదకొండేళ్లు ఆమె కింద.

ఆమె, ఆమె భర్త బమ్రోలి నుంచి వచ్చారు. అతను సాంచల మెకానిక్. ఆమె అక్కడ, పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి వచ్చిన కార్మికులకు మెస్సు నడిపేది. వాళ్లదీ మా కరీంనగర్ వైపే. కాకా డ్రైవ్-ఇన్‌ను వాళ్ల చేతిలో పెట్టిన రోజు నేను మూత్రానికి వెళ్లినట్టు గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. కన్నీళ్లు వచ్చాయని కాదు, నా ముఖం ఎవరూ చూడకూడదని.

వచ్చిన వారంలోనే ఆమె అలవాట్లు మాకు పట్టుబడ్డాయి. కారు దగ్గరికి వెళ్లగానే పైకప్పు మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టేది. ఎందుకని ఎవరో అడిగితే, "కారు గూడ ఇల్లే గద. తలుపు కొట్టకుంట ఎవలింట్లకన్న పోతమా?" అంది. గాజులు మోచేతి దాకా తోసుకుని మాట్లాడేది. గుజరాతీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. "ఆవో భాయ్, జర ఇటు జరుగుండ్రి" అంటే సలాబత్‌పురా చీరల సేఠ్‌లు కూడా బుద్ధిగా కారు పక్కకు జరుపుకునేవాళ్లు. నేను ఇరవై రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న తప్పుల్లేని గుజరాతీకి వాళ్లు ఎన్నడూ నవ్వలేదు. ఆమె తప్పుల గుజరాతీకి నవ్వేవాళ్లు.

మనుషుల పేర్లు ఆమెకు గుర్తుండవు. వాళ్లు తినకుండా వదిలేసినవి గుర్తుంటాయి. కడగడానికి వచ్చిన ప్రతి పళ్లేన్నీ ఒకసారి చూసేది. "కొత్తిమీర ఏరేసే సారొచ్చిండు," "అంచులు ఇడ్సిపెట్టే పిల్ల కారు గది," అని లోపలికి కేకేసేది. మరుసటిసారి ఆ సారుకు కొత్తిమీర లేకుండా, ఆ పిల్లకు బ్రెడ్డు అంచులు కోసేసి పళ్లెం వెళ్లేది.

"ఏం తిన్నరో సూస్తే ఏమెర్కైతది అన్నా? ఏం ఇడ్సిండ్రో సూడాలె," అనేది నాతో.

నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఇరవై రెండేళ్లు ఆ పళ్లేలు మోసినవాణ్ని నేను. ఒక్కసారైనా వాటిలోకి తొంగి చూడలేదు.

కాకా నాటి కోల్డ్ కాఫీ, శాండ్‌విచ్, భజియా అలాగే ఉంచింది. బోర్డు రంగు కూడా మార్చనివ్వలేదు. కానీ ఒక వానాకాలం పెనం మీద సర్వప్ప మొదలుపెట్టింది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, వేలితో పెట్టిన చిల్లులు. ఇవేం తింటారు సూరత్‌వాళ్లు అని నేను నవ్వుకున్నాను. నెల తిరిగేసరికి వాళ్లు దానికి, తమ గుజరాతీ పిండివంట హాండ్వో మీదుగా, 'తెలుగు హాండ్వో' అని పేరు పెట్టి, దాని కోసమే రాసాగారు. మా అమ్మ చేసే సర్వప్ప ముందు ఆమెది ఎందుకూ పనికిరాదు. ఆ మాట వంటగదిలో అందరికీ చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ పట్టించుకోనూ లేదు.

అన్నిటికన్నా నన్ను గుచ్చింది వాళ్లిద్దరి టీ. మొగుడూ పెళ్లాం పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్లు. గ్యాసు మంట గురించి, ఉప్పు గురించి, గ్రైండరు బెల్టు గురించి, అందరూ వినేలా. మూడున్నరకు మైదానం ఖాళీ అయ్యేది. అప్పుడు ఒక్క గ్లాసు టీ పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. ఆమె గ్లాసులో తాగేది, అతను సాసరులో పోసుకుని. ఆ పూట మాటలుండవు. నేను కౌంటరు తుడుస్తున్నట్టు నటిస్తూ వాళ్లనే చూసేవాణ్ని. నా భార్యా నేనూ పోట్లాడుకోం. అలాగని ఎన్నడూ ఒక్క గ్లాసులో టీ తాగిందీ లేదు.

ఒక సంగతి చెప్పాలి. రిటైరైన హెడ్మాస్టరమ్మ ఒకావిడ వారం వారం వచ్చేది. ఒకరోజు, "నువ్వు నా కార్లో కూర్చుని తినాలి. ఇవాళ నువ్వే అతిథివి," అని ఆమెను బలవంతంగా వెనక సీటులో కూర్చోబెట్టింది. అంతకు ముందు ఆమె ఏ కార్లోనూ కూర్చుని తినలేదు. లైట్లు వేసి పిలిచారు. నేనే వెళ్లాల్సి వచ్చింది. ఆమె బడిలో కొత్త పిల్లలా నిటారుగా కూర్చుని, వంగి నిలబడ్డ నన్ను వింతగా చూసింది.

"అన్నా, గీ లోపల కూసుంటే మీరందరు గింత సిన్నగ కనవడ్తరా?" అంది.

నేను ఆర్డరు రాసుకున్నాను. మరునాడు పనివాళ్లందర్నీ పిలిచి చెప్పింది, "ఇంకెవ్వలు వంగి మాట్లాడొద్దు. కారున్నోల్లే అద్దం పూరా దించి తల బయట పెడ్తరు. మీరు నిలవడే ఉండుండ్రి." మొదట రెండు రోజులు గిరాకీలు విసుక్కున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. ఏళ్ల తరబడి నన్ను వేధించిన నడుము నొప్పి నెల రోజుల్లో తగ్గింది. ఆమెకు థాంక్స్ చెప్పలేదు. ఆ ఒక్క మాట ఇరవై రెండేళ్లలో నాకెందుకు తట్టలేదని ఆమె మీదే కోపం తెచ్చుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డ్రైవ్-ఇన్‌ను ఆ దంపతులు గుంజుకున్నారని నేను ఇంట్లో చెప్పాను, డిండోలిలో మా గల్లీ అంతా చెప్పాను. ఇన్నేళ్లు చాకిరీ చేసిన నన్ను కాదని, నిన్న మొన్న వచ్చినవాళ్లకు కాకా అప్పగించాడని. అది అబద్ధం. కాకా ముందు నన్నే అడిగాడు.

ఎండాకాలం, మధ్యాహ్నం పూట. ఆయన కొడుకులు వజ్రాల పనిలో పడ్డారు, వాళ్లకిది అక్కర్లేదు. కాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మనిద్దరం ఇక్కడే ముసలివాళ్లం అవుతున్నాం. నువ్వూ నీ భార్యా కలిసి నడుపుతారా? డబ్బు సంగతి నెమ్మదిగా చూసుకుందాం. ఇది మూతపడకుండా ఉంటే చాలు నాకు," అన్నాడు.

"ఇంట్లో అడిగి చెప్తాను కాకా," అన్నాను.

ఇంటికి వెళ్లాను. నా భార్య చీరలకు రాళ్లు అంటిస్తూ కూర్చుంది. పొద్దంతా అదే పని చేసి కళ్లు ఎర్రబడ్డాయి. నేను కాళ్లు కడుక్కున్నాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. అడగలేదు. మరునాడూ అడగలేదు. ఆమె వద్దంటుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి సరే అంటుందని భయపడ్డాను. సరే అంటే చేయాలి కదా. చేస్తే మునిగిపోవచ్చు కదా. ట్రే మోసేవాడికి మునిగేదేమీ ఉండదు.

పది రోజులు చూశాడు కాకా. నన్ను మళ్లీ అడగలేదు. వంటగదిలో గ్రైండరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌ను అడిగాడు. అతను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఒక్క గంట ఆగు కాకా, మా ఇంటామెను తీస్కొస్త," అని స్కూటరు ఎక్కాడు. గంట కూడా పట్టలేదు. ఆమె పిండి చేతులతోనే వచ్చింది. మైదానం చుట్టూ ఒక్కతే తిరిగింది. నల్లా తిప్పి చూసింది. మోరీ దగ్గర వాసన చూసింది. చెత్త డ్రమ్ములోకి తొంగి చూసింది. వచ్చి మొగుడి పక్కన నిలబడి, "సరే," అంది. నేను అక్కడే ఉన్నాను. అంత పెద్ద మాటను అంత చిన్నగా అనడం చూశాను.

వాళ్లు వచ్చిన నాలుగేళ్లకు, ఒక ఆదివారం సాయంత్రం, ఊరి నుంచి నా బావమరిది కారులో వచ్చాడు. బావ పనిచేసే చోటు చూడాలన్నాడు. అప్పటిదాకా అక్కడ అడుగు పెట్టనని పంతం పట్టిన నా భార్య, తమ్ముడి మాట తీసేయలేక వచ్చింది. మా కారని తెలిసి వంటగది నుంచి ఆమే స్వయంగా సర్వప్ప పళ్లెం తెచ్చింది. పైకప్పు మీద రెండు వేళ్లతో తట్టింది. నేను పక్కనే ఆర్డరు పుస్తకం పట్టుకుని ఉన్నాను.

"మంచిగున్నవా వదినా? ఇన్నొద్దులకు వచ్చినవ్," అంది.

నా భార్య కారు దిగింది. "నువ్వు సల్లగుండనిస్తే మంచిగుండకపోదుమా? మా ఆయన ఇర్వై రెండేండ్లు గీ మన్ను మోసిండు. నువ్వొచ్చి గద్ద లెక్క తన్నుకపోయినవ్. సిగ్గు లేదా నీకు? గా ముసలాయనకు ఏం మందు పెట్టినవ్?"

చుట్టూ కార్ల అద్దాలు దిగాయి. వాళ్లకు తెలుగు రాదు, కానీ తిట్టు ఏ భాషలోనైనా తిట్టే. వంటగదిలో మావాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. ఆమె భర్త గరిటతో బయటికి రాబోతే, చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తర్వాత నా వైపు చూసింది. ఒక్కసారే. ఆ చూపు చూడగానే ఆమెకు అంతా తెలుసని నాకు అర్థమైంది. ఒక్క మాట చాలు, నా భార్య ముందు, బావమరిది ముందు నా ముఖం మాడిపోయేది.

నేను పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాను. రాయడానికేమీ లేకపోయినా ఏదో రాశాను.

"వేడిగున్నది వదినా. తిని తిట్టు," అంది ఆమె.

నా భార్య పళ్లేన్ని అందుకుని పక్క కారు బానెట్ మీద పెట్టేసి కారెక్కింది. వాళ్లు వెళ్లిపోయారు. ఆమె ఆ పళ్లేన్ని తీసుకుని ఎప్పటిలాగే ఒకసారి చూసింది. ఒక్క తునక కూడా తుంచలేదు. లోపలికి తీసుకెళ్లింది.

మరునాడు పనిలోకి తొందరగా వెళ్లాను. ఆమె కొత్తిమీర ఒలుస్తోంది.

"నీకు కాకా చెప్పిండా?" అన్నాను.

"మొదటి దినమే చెప్పిండు. 'గాయినను అడిగిన, జవాబు ఇయ్యలే' అని."

"మరి నిన్న ఎందుకు చెప్పలే?"

ఆమె కాడలు తుంచుతూనే ఉంది. "నీ పెండ్లాం, నీ ముచ్చట. నడుమ నేనెవల్ని? ఇంకోటి, గిరాకి టైమ్ అది. పెనం మీద నాలుగు సర్వప్పలున్నయి. కత జెప్పుకుంట నిలవడ్తే మాడిపోవా?" అని నవ్వింది. నవ్వు ఆపి, "నువ్వే చెప్పన్నా. జల్ది చెప్పు," అంది.

నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. అంత మాట పడి, అంత తేలిగ్గా మాట్లాడగలిగిన మనిషిని చూసి కడుపు రగిలిపోయింది. డ్రైవ్-ఇన్ ఎలాగూ ఆమెదే. ఇప్పుడు నా గుట్టు కూడా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని కూడా ఆమె నాకన్నా భద్రంగా చూసుకుంటోంది.

ఏటా బతుకమ్మకు డిండోలిలో మావాళ్లంతా ఒకచోట చేరతారు. ఆమె వస్తే నా భార్య చప్పట్లు ఆపి వేరే గుంపులోకి వెళ్లిపోయేది. అది చూసిన ఆడవాళ్లు ఇంకో నాలుగు మాటలు కలిపేవాళ్లు. పండగ మరునాడు పనిలో ఆమె నన్ను ఒక్కటే అడిగేది, "చెప్పినవా అన్నా?" నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. "సరే," అని తన పనిలో పడిపోయేది. ఆరు బతుకమ్మలు అలా గడిచాయి. ఏడోది రాలేదు. ఒక ఉదయం ఉల్లిపాయలు కోస్తూ ఎదలో బరువుగా ఉందని కూర్చుంది. భర్త ఆటో ఎక్కించుకుని వెళ్లాడు. ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది.

బెస్నాకు మా గల్లీ ఆడవాళ్లందరితో నా భార్య కూడా వచ్చింది. ఫొటోకు దూరంగా, చివర కూర్చుంది. ఇంటికి తిరిగొచ్చాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఎంతైన పరాయి సొమ్ము గద. అనుభవించలేకపాయె," అంది.

ఎందుకో తెలియదు, అప్పుడు చెప్పేశాను. నిలబడే చెప్పాను. కాకా అడిగింది, ఇంట్లో అడిగి చెప్తానన్నది, అడగనిది, ఆదివారం నాడు నేను పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డది, ఆ ఆరు బతుకమ్మలు, అన్నీ. నా భార్య గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నన్నడిగితే ఒద్దంటననుకున్నవా?"

"కాదు. సరే అంటవేమోనని."

ఆమె చేతివేళ్లు చూసుకుంది. గమ్ము అంటి అంటి వాటి చివర్లు గట్టిపడిపోయాయి. "ఆమెను ఆమె మొగడు అడిగిండు," అంది. ఆ గమ్మును గోటితో గిల్లుతూ, "నా నోటితోని గామెను దొంగను జేస్తివి గద," అంది. అంతే. ఆ తర్వాత తొమ్మిది రోజులు అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, మాట మాత్రం మాట్లాడలేదు.

డ్రైవ్-ఇన్‌లో పెనం కింద మంట వెలిగించడం మానేశాం. ఆమె భర్త కోల్డ్ కాఫీ మాత్రం ఇస్తూ, ఎవరడిగినా "రేపు, రేపు," అంటున్నాడు. ఇక మూసేసి బమ్రోలి వెళ్లిపోతానని నాతో రెండుసార్లు అన్నాడు. నేను ట్రేలు తుడుస్తూ విన్నాను. సంతోషపడాల్సిందే కదా, ఎందుకు పడలేకపోతున్నానో తెలియలేదు.

పదోరోజు మధ్యాహ్నం పనికి వెళ్లేసరికి వంటగది నుంచి నువ్వుల వాసన వస్తోంది. లోపల నా భార్య కొంగు దోపుకుని పిండి తడుపుతోంది. ఎప్పుడొచ్చిందో, అతనితో ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. నన్ను అడగనూ లేదు. అతను పక్కనే గ్యాసు పైపు బిగిస్తూ, ఉప్పు ఎక్కువైందని గొణుగుతున్నాడు. "మీ ఇంట్ల ఉప్పు తింటరా తినరా?" అని నా భార్య కసురుకుంది. ఆమె గొంతు అంత పైకి లేవగలదని నాకు తెలియదు.

సాయంత్రం హెడ్మాస్టరమ్మ కారు వచ్చింది. పళ్లెం నా భార్యే తీసుకెళ్లింది. నేను కాఫీ గ్లాసులున్న ట్రేతో వెనక నడిచాను. ముసలావిడ ఒక తునక తుంచి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి, హిందీలో అడిగింది, "నువ్వెవరమ్మా? ఆమె నీకేమవుతుంది?"

"నా చెల్లె," అంది నా భార్య.

ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అంది. పదకొండేళ్లు ఆమె పక్కనే తిరిగిన నాకు దొరకని వరస ఈమెకు అంత సులువుగా ఎలా దొరికిందా అని, ట్రే పట్టుకుని అక్కడే నిలబడి, ఈసారి నా భార్య మీద అసూయపడ్డాను.